టైరు మంట నుంచి దోమల కాయిల్ దాకా: పొగ మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో చెన్నై గాలి గురించి నాలుగు ముక్కలు రాసి, ఇంధనమూ చెత్తా కాలినప్పుడు వచ్చే హైడ్రోకార్బన్ల (కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉండే పదార్థాల) మీద ఏమైనా అడగాలనుకుంటే రాయమన్నాం. ఉత్తరాలు బాగానే వచ్చాయి, అందులో సగం భోగి టైర్ల మీదే. ఒకే ప్రశ్న నలుగురు అడిగినచోట ఒకరిదే వేశాం, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: భోగి తెల్లవారుజామున మా వీధి కుర్రాళ్లు పాత టైర్లు వేసి కాలుస్తారు. వద్దంటే మా మావయ్యగారు "ఏడాదికి ఒక్క రోజు, రోజూ బస్సులూ ఆటోలూ వదిలే పొగ ముందు ఇదెంత" అంటారు. ఆయనకి ఏం చెప్పాలి? (పెరంబూరు నుంచి ఒక గృహిణి)

మావయ్యగారి మాటలో సగం నిజం ఉందమ్మా, కాదనకండి. ఏడాది మొత్తం మీద లెక్క వేస్తే బళ్ల పొగే ఎక్కువ. కానీ ఆ పూట మీ గుమ్మం ముందున్న గాలినే మీ ఇంట్లో పిల్లలు పీలుస్తారు, ఏడాది సగటుతో వాళ్ల ఊపిరితిత్తులకి పని లేదు.

టైరు అంటే ఉత్త రబ్బరు చెట్టు పాలు అనుకుంటాం గానీ అందులో స్టైరీన్, బ్యూటాడైన్ అనే పెట్రోలియం సరుకులతో చేసిన కృత్రిమ రబ్బరు ఉంటుంది, కార్బన్ బ్లాక్ అనే మసి పొడి ఉంటుంది, మెత్తదనానికి కలిపే నూనె ఉంటుంది, ఆపైన గంధకం, జింక్ ఆక్సైడ్. దాన్ని వీధిలో పడేసి కిరోసిన్ పోసి అంటిస్తే పైన మంట కనబడుతుంది కానీ లోపల గాలి అందని చోట రబ్బరు కాలదు, ఉడికి విరిగి ఆవిరై పైకొస్తుంది. బెంజీన్, స్టైరీన్, బ్యూటాడైన్ అలా బయటపడతాయి, వాటితోపాటు బెంజీన్ వలయాలు రెండు మూడు నాలుగు ఐదు ఒకదానికొకటి అతుక్కుని తయారయ్యే బరువైన హైడ్రోకార్బన్లు కూడా. ఈ బరువైన జాతిలో అందరికీ తెలిసిన పేరు బెంజోపైరీన్. క్యాన్సర్ కలిగించేదని ఏ సందేహం లేకుండా తేలినవాటిలో అదొకటి. ఎంత ప్రమాదమో మన ప్రభుత్వ ప్రమాణం చూస్తేనే తెలుస్తుంది: 2009లో ప్రకటించిన జాతీయ ప్రమాణాల ప్రకారం ఘనపు మీటరు గాలిలో సన్న ధూళి (పీఎం 2.5) ఏడాది సగటున 40 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చు, బెంజోపైరీన్ మాత్రం 1 నానోగ్రాము దాటకూడదు. అంటే నలభై వేల రెట్లు తక్కువ. మసికీ క్యాన్సర్‌కీ ఉన్న లంకె కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, లండన్‌లో పొగగొట్టాలు ఊడ్చే కుర్రాళ్లకి వచ్చే క్యాన్సర్‌కి మసే కారణమని పెర్సివల్ పాట్ అనే సర్జన్ 1775లోనే రాశాడు.

దీనికి తోడు భోగి వచ్చే కాలం. జనవరి తెల్లవారుజామున గాలి కదలదు, నేల దగ్గర చల్లగా పైన కాస్త వెచ్చగా ఉండి గిన్నె మీద మూత పెట్టినట్టు పొగంతా కిందే ఉండిపోతుంది. 2018 జనవరి 13న, అది భోగి రోజే, పొగా మంచూ కలిసిపోయి మీనంబాక్కం విమానాశ్రయంలో రన్‌వే కనపడక విమానాలు బోలెడు రద్దయ్యాయి, కొన్నిటిని వేరే ఊళ్లకి మళ్లించారు. మావయ్యగారికి గుర్తుండే ఉంటుంది.

ఆయనతో సైన్సు మాట్లాడి గెలవలేరు గానీ ఒక మాట అడిగి చూడండి: భోగి మంటలో వేసేది మన ఇంట్లో పాత సామాను కదా, మన ఇంట్లో పాత లారీ టైరు ఎక్కడుంది? ఆ టైర్లు పంక్చర్ షాపుల వెనక నుంచి వస్తాయి, ఏ తాతముత్తాతలూ వాటిని కాల్చలేదు. నాలుగు పిడకలూ ఎండు కట్టెలూ వేసి చిన్న మంట వేసుకుంటే పండగ పండగలానే ఉంటుంది. కట్టెల పొగ కడిగిన ముత్యమేమీ కాదు, అందులోనూ ఇవే ఉంటాయి, కాకపోతే టైరంత ఉండవు. పాత టైర్లూ పరుపులూ భోగికి ముందే పారిశుద్ధ్య కార్మికులకి ఇచ్చేయమని ఈమధ్య కార్పొరేషన్ వాళ్లే చెబుతున్నారు, ముందు రోజే ఇచ్చేస్తే కుర్రాళ్లకి దొరకవు.

ప్రశ్న: పాలిథిన్ కవర్లో ఉండేది కార్బన్, హైడ్రోజన్ మాత్రమే. కాలిస్తే కార్బన్ డయాక్సైడ్, నీళ్లు రావాలి. మరి ప్లాస్టిక్ కాల్చొద్దని ఎందుకంత గొడవ? (తాంబరం, ఇంజనీరింగ్ విద్యార్థి)

మంచి ప్రశ్న తమ్ముడూ. నీ సమీకరణం తప్పు కాదు, పరీక్షలో మార్కులు కూడా పడతాయి. వీధి చివర చెత్తకుప్ప ఆ సమీకరణం ప్రకారం కాలదు, అదే చిక్కు.

ఇంట్లో కొవ్వొత్తి వెలిగించి పసుపు మంట మధ్యలోకి స్టీలు చెంచా వెనకవైపు పెట్టి చూడు. రెండు క్షణాల్లో నల్లటి మసి పడుతుంది. మైనం కూడా పాలిథిన్ లాంటిదే, పొడుగు కార్బన్ గొలుసు. మంట మధ్యలో వేడి ఉంది కానీ ఆక్సిజన్ చాలదు, గొలుసు ముక్కలై, ఎసిటిలీన్ లాంటి చిన్న ముక్కలు మళ్లీ కలిసి వలయాలై, వలయాలు కలిసి పలకలై, పలకలు ముద్దకట్టి మసి అవుతాయి. ఆ పసుపు వెలుగే ఎర్రగా కాగిన మసి. కొవ్వొత్తిలో ఆ మసి మంట అంచుకి చేరేసరికి గాలి అంది కాలిపోతుంది, అందుకే మామూలుగా మనకి పొగ కనపడదు. నీ చెంచా దాన్ని మధ్యలోనే పట్టేసుకుంది. చెత్తకుప్పలో ఆ పని చెంచా లేకుండానే జరుగుతుంది, ఎందుకంటే కింద తడి కూరగాయ తొక్కలు, పైన మట్టి, మధ్యలో గాలి దూరదు, వేడి నిలవదు. చెత్తని కాస్త శుభ్రంగా కాల్చే కొలిమిలో పొగని 850 డిగ్రీల పైన కనీసం రెండు సెకన్లు ఉంచాలని యూరప్‌లో నియమం, అదీ గాలి బాగా కలిసేలా. వీధి మంటలో పొగ అర సెకను కూడా ఆ వేడిలో ఉండదు.

ఇంకొకటి, కుప్పలో ఉత్త పాలిథిన్ ఒక్కటే ఉండదు కదా. పీవీసీ పైపు ముక్కో, వైరు తొడుగో ఉంటే క్లోరిన్ వచ్చి చేరుతుంది, అప్పుడు డయాక్సిన్లు అనే మొండి విషాలు కూడా పుడతాయి. రాగి కోసం వైర్లు కాల్చేవాళ్ల పక్కన నిలబడడం ఎవరికీ మంచిది కాదు, ఆ కాల్చేవాళ్లకి అసలే కాదు.

ప్రశ్న: మేం కొడుంగైయూర్ డంప్‌యార్డుకి దగ్గరలో ఉంటాం. ఎవరూ నిప్పు పెట్టకుండానే చెత్త అంటుకుంటుందంటారు, నిజమేనా? మాస్క్ పెట్టుకుంటే సరిపోతుందా?

నిజమే, అంటుకోగలదు. తడి చెత్త గుట్టగా పడి లోపల గాలి ఆడకుండా కుళ్లితే వచ్చే వాయువులో దాదాపు సగం మీథేన్, అన్నిటికన్నా చిన్న హైడ్రోకార్బన్. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు. ఆ రవ్వ బీడీ ముక్కదా, ఎండలో కాగిన గుట్టలో తనంతట తానే పెరిగిన వేడిదా, ఇనుము కోసం ఎవరో పెట్టిన మంటదా అన్నది ప్రతిసారీ తేలదు. 2022 ఏప్రిల్ చివర్లో పెరుంగుడి డంప్‌యార్డు, పళ్లికరణై చిత్తడి నేల పక్కనే ఉన్నది, అంటుకుంటే ఆర్పడానికి రోజులు పట్టింది. ఫైరింజన్లు నీళ్లు కొడితే పైన చల్లబడుతుంది, లోపల పది అడుగుల కింద రాజుకుంటూనే ఉంటుంది, జేసీబీతో తవ్వి పరిచి తడిపి, మట్టి కప్పి గాలి ఆపితే గానీ చావదు.

మీథేన్ మన ఊపిరితిత్తులకి నేరుగా చేసే కీడు తక్కువ, అది భూమిని వేడెక్కించడంలో ఘనాపాటి. మీ వీధికి వచ్చి కళ్లు మండించేది ఆ మంట లేని రాజుడు పొగ. భగభగ మండే మంట కన్నా అలా లోలోపల రాజుకునేదే ఎక్కువ విషం కక్కుతుంది, ఎందుకంటే అక్కడ వేడి తక్కువ, సగం కాలిన సరుకంతా అలాగే బయటికొస్తుంది. మంట కనపడటం లేదు కదా ఆరిపోయిందిలే అనుకోవడమే పొరపాటు.

మాస్క్ సంగతి. గుడ్డ మాస్క్ దండగ. ఎన్95 ముఖానికి సరిగ్గా అతుక్కుంటే ధూళినీ, ఆ ధూళికి అంటుకుని వచ్చే బెంజోపైరీన్ లాంటి బరువైనవాటినీ చాలావరకు ఆపుతుంది. బెంజీన్ లాంటి ఆవిర్లు మాత్రం దాంట్లోంచి దర్జాగా వెళ్లిపోతాయి. పొగ వస్తున్న గంటల్లో తలుపులూ కిటికీలూ మూసుకుని, గాలి తిరగ్గానే తెరవండి. ఉబ్బసం ఉన్న పిల్లలుంటే ఆ రెండు మూడు రోజులు వేరే పేటలో బంధువుల ఇంటికి పంపగలిగితే పంపండి. అందరికీ కుదిరే పని కాదని తెలుసు. అసలు గుట్టకి తడి చెత్త వెళ్లకుండా ఆపితేనే మీథేన్ ఆగుతుంది, అది ఊరంతా కలిసి చేయాల్సిన పని. అడయార్‌లోనో అణ్ణానగర్‌లోనో కూర్చుని తడీ పొడీ కలిపి పారేసేవాళ్ల పొగ కొడుంగైయూర్‌వాళ్లు పీలుస్తున్నారు, ఇది రాయకుండా ఉండలేను.

ప్రశ్న: మా నాన్నగారి పాత టూ స్ట్రోక్ బండి నడుపుతున్నాను. పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది, అయినా వెనక కూర్చున్న మా ఆవిడ పెట్రోలు వాసన అంటుంది. సర్టిఫికెట్ ఉందంటే బాగున్నట్టే కదా? (పాత వాషర్‌మన్‌పేట)

మీ ఆవిడ ముక్కు కరెక్టు. ఆ స్లిప్పు తీసి హెచ్‌సీ అని ఉన్న గడి చూడండి, హైడ్రోకార్బన్లంటే అదే, పీపీఎంలో (పది లక్షల్లో ఎన్ని వంతులో) ఉంటుంది. 2000 మార్చికి ముందు తయారైన టూవీలర్‌కి 9000 దాకా పాస్, ఆ తర్వాత తయారైన టూ స్ట్రోక్‌కి 6000, ఫోర్ స్ట్రోక్‌కి 4500. బీఎస్ 4 (భారత్ స్టేజ్ 4 అనే పొగ ప్రమాణం) పెట్రోలు కారుకి ఎంతో తెలుసా, 200. కాబట్టి పాస్ అయ్యిందంటే దాని ఈడు బండ్లలో పాస్ అయ్యిందని అర్థం. పైగా ఆ పరీక్ష బండి నిలబెట్టి ఐడిల్‌లో చేస్తారు, మౌంట్ రోడ్డులో గేర్లు మారుస్తూ పోయేటప్పుడు సంగతి వేరు.

టూ స్ట్రోక్‌లో లోపం మెకానిక్ సరిచేయగలిగింది కాదు, పుట్టుకతోనే వచ్చింది. పిస్టన్ కిందికి దిగినప్పుడు కాలిన పొగ బయటికి పోయే దారీ, కొత్త పెట్రోలు గాలీ లోపలికి వచ్చే దారీ రెండూ ఒకేసారి తెరిచి ఉంటాయి. కొత్తగా వచ్చిన దాంట్లో నాలుగో వంతు, ఒక్కోసారి మూడో వంతు దాకా, కాలకుండానే సైలెన్సర్‌లోంచి పోతుంది. అంటే వంద రూపాయల పెట్రోలు పోస్తే పాతిక రూపాయలది మీ ఆవిడ ముక్కుకి. దీనికి తోడు పెట్రోల్లో కలిపే ఇంజిన్ నూనె గురించి "2టీ ఆయిల్ రెండు మూతలు ఎక్కువ పోయండి సార్, ఇంజిన్ చల్లగా ఉంటుంది" అనే మెకానిక్ సలహా ఒకటి. ఎక్కువైన నూనె సగం కాలి నీలం పొగై బయటికొస్తుంది, అంతకుమించి ఒరిగేదేమీ లేదు. కంపెనీ పుస్తకంలో ఎంత ఉందో అంతే కలపండి, ఎయిర్ ఫిల్టర్ మార్చండి, కార్బొరేటర్ సరిగ్గా పెట్టించండి, కొంత తగ్గుతుంది. నీలం పొగ నూనెది, నల్ల పొగ పెట్రోలు ఎక్కువైందని, అసలు కాలని పెట్రోలు ఆవిరికి మాత్రం రంగే ఉండదు, కాబట్టి పొగ కనపడలేదు కదా అని మురిసిపోకండి.

కార్లలో ఈ బాధ తగ్గడానికి కారణం క్యాటలిటిక్ కన్వర్టర్, పొగలో మిగిలిన హైడ్రోకార్బన్లని సైలెన్సర్ దారిలోనే మార్చేసే పెట్టె. 1995 ఏప్రిల్ 1 నుంచి చెన్నైతో సహా నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకి అది తప్పనిసరి చేశారు, సీసం లేని పెట్రోలు కూడా అప్పుడే వచ్చింది. అదైనా 250, 300 డిగ్రీలకి వేడెక్కితేనే పని చేస్తుంది. పిల్లాణ్ణి కిలోమీటరు దూరం స్కూలుకి కారులో దింపి వచ్చేవాళ్లు, ఆ కిలోమీటరులో కన్వర్టర్ ఇంకా నిద్ర లేవదని గమనించగలరు. నాన్నగారి బండి అమ్మబుద్ధి కాకపోతే ఉంచుకోండి, ఆదివారం బీచ్ దాకా తిప్పండి. రోజూ ఆఫీసుకి వద్దు.

ప్రశ్న: బంకులో పెట్రోలు వాసన నాకు ఇష్టం. ప్రమాదమా?

చాలామందికి ఇష్టమే, పైకి చెప్పరు. మన పెట్రోల్లో బెంజీన్ 1 శాతానికి మించకూడదని నియమం, ఆ ఒక్క శాతం వల్లే ఆ ఆవిరి మంచిది కాదు. బెంజీన్ ఎక్కువ కాలం పీలిస్తే రక్త క్యాన్సర్ వస్తుందని గట్టిగా తేలింది. వారానికోసారి రెండు నిమిషాలు నిలబడే మీ సంగతి కన్నా, రోజంతా అక్కడే నిలబడి పెట్రోలు కొట్టే అమ్మాయి సంగతి ఆలోచించాలి. మీరు చేయగలిగింది ఒకటి ఉంది: నాజిల్ టక్కున ఆగాక "రౌండ్ ఫిగర్ చేయమ్మా" అనకండి. ట్యాంకులో కావాలని వదిలిన ఖాళీ అది. దాన్ని నింపితే ఆవిరి ఆమె ముఖానికి కొడుతుంది, కొత్త బళ్లలో ఆవిరిని పట్టుకోవడానికి పెట్టిన బొగ్గు డబ్బాలోకి పెట్రోలే దూరి అది పాడవుతుంది.

ప్రశ్న: ఇంట్లో పసిపాప. సాయంత్రం సాంబ్రాణి వేసి, రాత్రి దోమల కాయిల్ పెట్టి తలుపులు వేసుకుంటాం. పొగ కొంచెమే కదా? (వ్యాసార్పాడి)

ఈ ఉత్తరం చూసి నాకు నిజంగా టెన్షన్ వచ్చిందమ్మా. కాయిల్ అంటే చెక్క పొడీ కొబ్బరి చిప్ప పొడీ జిగురూ కలిపి చేసిన చక్రం, దోమల మందు అందులో చాలా కొద్దిగా ఉంటుంది, మిగతాదంతా మంట లేకుండా ఆరేడు గంటలు రాజుకునే సరుకే. డంప్‌యార్డు గురించి పైన చెప్పిందే మీ మంచం కింద జరుగుతోంది. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో చైనా, మలేసియా కాయిళ్లు కాల్చి కొలిస్తే ఒక్క కాయిల్ వదిలే సన్న ధూళి 75 నుంచి 137 సిగరెట్లంత ఉందని తేలింది. మీ ఇంట్లో ఎవరైనా పాప గదిలో ఒక్క సిగరెట్టు వెలిగిస్తే ఊరుకుంటారా?

దోమతెర కట్టండి, కిటికీలకి జాలీ కొట్టించండి. కాయిల్ తప్పదనుకుంటే పాప లేనప్పుడు పెట్టి, ఆర్పేసి, గది గాలి పోనిచ్చి అప్పుడు పడుకోబెట్టండి. తలస్నానం చేయించాక పాపకి సాంబ్రాణి పట్టడం అమ్మమ్మలు ఆపమంటే ఊరుకోరు, కనీసం ఆ పొగ నేరుగా ముఖానికి తగలకుండా, తలుపు తీసి, నిమిషంలో కానిచ్చేయమనండి.

ప్రశ్న: మణలిలో రాత్రిపూట రిఫైనరీ గొట్టం మీద మంట కనబడుతుంది, ఒక్కోసారి కుళ్లిన గుడ్ల వాసన. ఆ మంట ఆపించలేమా?

ఆ మంట (ఫ్లేర్ అంటారు) ఆపితే ఇంకా ప్రమాదం. ఒత్తిడి పెరిగినప్పుడు లోపలి వాయువులని వదిలేయడానికి ఉన్న రక్షణ ఏర్పాటు అది. కాల్చకుండా వదిలితే అవన్నీ హైడ్రోకార్బన్లుగానే మీ మీదికి వస్తాయి. అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి: ఎంతసేపు మండుతోంది, పొగ ఏ రంగు? శుభ్రంగా మండే ఫ్లేర్‌కి పొగ ఉండదు, అందుకే కొనలో నీటి ఆవిరి పంపి గాలి కలిసేలా చేస్తారు. నల్లగా పొగ లాగుతుంటే సరిగ్గా కాలడం లేదని అర్థం, టైము వేసి ఫోటో తీసి కాలుష్య నియంత్రణ మండలికి పంపండి. మణలిని 2009లోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల్లో చేర్చింది, మీరు చెప్పేది కొత్త ఫిర్యాదేమీ కాదు.

కుళ్లిన గుడ్ల వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది, అది హైడ్రోకార్బన్ కాదు, చాలా కొద్దిగా ఉన్నా ముక్కు పట్టేస్తుంది. బెంజీన్ సంగతి దీనికి వ్యతిరేకం. ఘనపు మీటరుకి 5 మైక్రోగ్రాములని మన ప్రమాణం, దాని వాసన మనకి తెలిసేసరికి అది వందల రెట్లు దాటిపోయి ఉంటుంది. అందుకే వాసన రాని రోజు గాలి బాగున్నట్టు కాదు, మీటరు పెట్టి కొలవమని అడగాలి.

ప్రశ్న: చెట్లు కూడా హైడ్రోకార్బన్లు వదులుతాయట కదా, మరి బళ్లనే ఎందుకు తిడతారు?

వదులుతాయి. ఐసోప్రీన్ అనేది, ప్రపంచం మొత్తం లెక్కిస్తే మనుషులు వదిలేదానికన్నా ఎక్కువే. కానీ చెట్లు మీ వీధిలో బెంజోపైరీన్ వదలవు. ఐసోప్రీన్ ఓజోన్ పుట్టించి ఇబ్బంది పెట్టాలన్నా ఎండతోపాటు నైట్రోజన్ ఆక్సైడ్లు కావాలి, అవి ఊళ్లో ఎక్కువగా బళ్ల ఇంజిన్ల నుంచే వస్తాయి. చెట్టు కొట్టడానికి సాకు వెతుకుతున్నట్టయితే ఇంకోటి వెతుక్కోండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రోజూ పొద్దున్నే రాలిన ఆకులూ కవర్లూ కలిపి గేటు పక్కన కాలుస్తాడు. చెప్పినా వినడు. ఎవరికి ఫిర్యాదు చేయాలి? (వేళచ్చేరి)

బయట చెత్త కాల్చడం దేశమంతటా నిషేధం. 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ మామూలుగా కాల్చితే 5000, పెద్ద ఎత్తున కాల్చితే 25,000 రూపాయల జరిమానా అని ఆదేశించింది. చెన్నై కార్పొరేషన్ ఫిర్యాదుల నంబరు 1913.

కానీ ఫోను తీసే ముందు మీ అసోసియేషన్ వాళ్లని అడగండి, ఆ ఆకుల్ని ఎక్కడ వేయమని అతనికి చెప్పారు? చాలాచోట్ల ఎక్కడా చెప్పరు, గేటు దగ్గర ఆకు కనపడితే మాత్రం కేకలేస్తారు. అతనికి అగ్గిపెట్టె తప్ప దారి లేదు, ఆ పొగ ముందుగా పీల్చేదీ అతనే. కారు పార్కింగ్ వెనక మూల నాలుగడుగుల జాలీ తొట్టి ఒకటి కట్టించి ఆకులు అందులో వేసి అప్పుడప్పుడు నీళ్లు చల్లమనండి, మూడు నాలుగు నెలల్లో ఎరువవుతుంది, పెరట్లో మొక్కలకి వాడొచ్చు. కవర్లు విడిగా పొడి చెత్తలో. తొట్టి కట్టించాక కూడా కాలిస్తే అప్పుడు 1913కి చేయండి, అసోసియేషన్ పేరు మీద చేయండి, అతని పేరు మీద కాదు.